నూలు ఉడకబెట్టడానికి కాస్టిక్ సోడానా, ఎంజైమా?

పచ్చి నూలు చిలపని నీళ్లలో వేస్తే మునగదు, తేలుతుంది. పోగు మీద మైనం, జిగురులా అంటిపెట్టుకునే పెక్టిన్, కాస్త క్యూటిన్ ఉంటాయి మరి. ఆకుల పైపొరలో మైనంతో పాటు ఉండేది ఈ క్యూటినే, ఒకరకంగా మొక్క సొంతంగా చేసుకునే పాలిస్టర్ అది. ఇవన్నీ పోతే తప్ప రంగు సమంగా పట్టదు.

పాటూరు లాంటి నేత ఊళ్లకు నూలు అద్దేవాళ్లు కాస్టిక్‌నే ఎందుకు పట్టుకుని ఉన్నారంటే అది చవక, మొండిది. మరిగే నీళ్లలో గంటో రెండు గంటలో ఉడికిస్తే మైనంతో పాటు గింజ పొట్టు నలుసులు కూడా చాలావరకు పోతాయి. కాకపోతే వంటచెరకు ఖర్చు, చేతులు కాలడం, అన్నిటికంటే ముఖ్యంగా ఆ కాస్టిక్ జిడ్డు వదిలేదాకా జాడించే నీళ్లు. కనిగిరి వైపు ట్యాంకర్ కొనుక్కునేవాళ్లని అడగండి ఆ బాధేంటో!

ఎంజైముల్లో, క్యూటిన్‌ని విడగొట్టే క్యూటినేజ్ పేరు బాగా వినిపిస్తోంది. ఫ్యుసేరియం అనే బూజు మొక్క పైపొరని తొలుచుకుని లోపలికి దూరడానికి వాడేది ఇదే, గోరువెచ్చని నీళ్లలోనే పనిచేస్తుంది. కానీ నూలుకి ఇదొక్కటే వాడితే పెక్టిన్ అలాగే ఉండిపోతుంది. నా లెక్కలో దీని అసలు చోటు ప్లాస్టిక్ సీసాలు, అవీ ఒకరకం పాలిస్టరే: ఆకుల ఎరువులో దొరికిన ఒక క్యూటినేజ్‌ని మార్చి, ఫ్రాన్స్‌లోని కార్బియోస్ వాళ్లు 72 డిగ్రీల దగ్గర 10 గంటల్లో పెట్ ప్లాస్టిక్‌ని 90 శాతం విడగొట్టినట్టు 2020లో చూపించారు.

నూలుకైతే పెక్టిన్‌ని విడగొట్టే పెక్టినేజే మేలు. 55-60 డిగ్రీలు చాలు, పెక్టిన్ కరిగితే దాన్ని పట్టుకుని ఉన్న మైనం వదులవుతుంది, ఆఖర్న 80-90 డిగ్రీల వేడినీళ్లలో ఒకసారి తిప్పితే పోతుంది. నూలు మెత్తగా ఉంటుంది, బరువూ పెద్దగా తగ్గదు. క్యూటినేజ్ కూడా కలిపితే ఇంకా బాగుంటుంది గానీ ఖర్చు చూసుకోవాలి. నలుసులు మాత్రం పోవు, పసుపు ఛాయ ఉండిపోతుంది, అందుకని తెలుపుకీ లేత రంగులకీ తర్వాత తెల్లబరిచే పెరాక్సైడ్ తప్పదు, లేదంటే కాస్టిక్కే. నలుపు, మెరూన్, ముదురు నీలం వేసేవాళ్లకి ఆ టెన్షన్ లేదు.

ఇంకొకటి, మన బోరు నీళ్ల కఠినత్వానికి భయపడి నీళ్లని మెత్తబరిచే మందు ముందే పోయకండి. ఈ పనికి ఎక్కువగా అమ్మే పెక్టినేజ్ రకానికి కాల్షియం కావాలి, ఆ మందు దాన్ని లాగేసుకుంటే ఎంజైమ్ డబ్బు నీళ్లపాలే.