గింజల లెక్క: హంగర్ గేమ్స్ మూడుసార్లు చదివాక

సుజాన్ కాలిన్స్ రాసిన హంగర్ గేమ్స్ పుస్తకాలు మా ఇంటికి వచ్చి పదమూడేళ్లయింది. మొదటిసారి 2012లో, డిగ్రీలో ఉండగా చదివాను. రెండోసారి 2019లో, ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రోలో, ఆఫీసుకు పోతూ వస్తూ చదివాను. మూడోసారి 2025 వేసవి సెలవుల్లో మా అక్క కూతురితో కలిసి చదివాను. ఆ పిల్ల ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. మూడుసార్లూ నాకు మూడు వేరే పుస్తకాల్లా అనిపించాయి కాబట్టి ఇంత ఆలస్యంగా సమీక్ష రాస్తున్నాను. కథలో మలుపులన్నీ చెప్పేస్తున్నాను, అవి ముందే తెలియకూడదనుకునేవాళ్లు పుస్తకాలు చదివాక రండి.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఉత్తర అమెరికా నాశనమయ్యాక అక్కడ పానెం అనే దేశం ఏర్పడుతుంది. కాపిటల్ అనే నగరం పాలిస్తుంది, పన్నెండు జిల్లాలు దానికి చాకిరీ చేస్తాయి. ఒకప్పుడు జిల్లాలు తిరగబడి ఓడిపోయాయి. దానికి శిక్షగా ఏటా ప్రతి జిల్లా నుంచీ పన్నెండు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసున్న ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీ తీసి ఎంచుతారు. ఆ ఇరవై నలుగురూ ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. దేశమంతా దాన్ని టీవీలో చూసి తీరాలి. పన్నెండో జిల్లాలో ప్రిమ్ అనే పన్నెండేళ్ల పిల్ల పేరు వస్తే, ఆమె బదులు నేను వెళ్తానని పదహారేళ్ల అక్క కాట్నిస్ ముందుకొస్తుంది.

ఇది చెప్పగానే మా అమ్మ, "బకాసురుడి కథే కదే ఇది" అంది. నిజమే. ఏకచక్రపురంలో రోజుకొక ఇంటి వంతు, బండెడు అన్నంతో పాటు ఒక మనిషి. ఆ బ్రాహ్మడి ఇంట్లో తండ్రి నేను పోతానంటే నేను పోతానని తల్లి, కూతురు పోటీపడతారు. కాలిన్స్ తనకు గ్రీకుల థీసియస్ కథ ప్రేరణ అని చెప్పింది. అక్కడ ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిల్నీ ఏడుగురు అమ్మాయిల్నీ మినోటార్ అనే రాక్షసుడికి ఆహారంగా క్రీటు ద్వీపానికి పంపుతారు. మన కథలో భీముడు బయటి నుంచి వచ్చి ఊరిని కాపాడతాడు. పానెంలో అలా వచ్చేవాడెవడూ లేడు. వంతు వచ్చిన పిల్లే ఏదో ఒకటి చేసుకోవాలి.

2012లో నేను ఎవరు గెలుస్తారా అన్న టెన్షన్‌తోనే చదివాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మొదటి భాగం దొరికింది. రెండు రాత్రుల్లో అయిపోయింది. ఇంగ్లిషు చాలా తేలిక. కాట్నిస్ తన కథను తనే, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్తుంది. వాక్యాలు చిన్నవి. ప్రతి అధ్యాయం సరిగ్గా ఆపలేని చోట ఆగుతుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన నాకు, డిక్షనరీ పక్కన పెట్టుకోకుండా పూర్తిచేసిన మొదటి ఇంగ్లిషు నవల ఇదే. అందుకే ఇంగ్లిషు పుస్తకాలు మొదలుపెట్టాలనుకునే పిల్లలకు ఇప్పటికీ దీన్నే చేతిలో పెడతాను.

ఆ తొందరలో నేను దాటేసిన విషయం ఒకటుంది. చీటీల లెక్క.

పన్నెండేళ్లు రాగానే ప్రతి పిల్ల పేరుతో ఒక చీటీ పడుతుంది. పదమూడుకు రెండు, అలా పద్దెనిమిదికి ఏడు. ఇది అందరికీ ఒకటే. కానీ ఇంట్లో తిండి లేకపోతే టెస్సెరా అనేది తీసుకోవచ్చు. ఒక మనిషికి ఏడాదికి అరకొరగా సరిపోయే ధాన్యం, నూనె ఇస్తారు. బదులుగా మీ పేరుతో ఇంకో చీటీ వేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవచ్చు, కానీ చీటీలు ఏటికేడు కలుస్తూ పోతాయి. గనిలో పేలుడు జరిగి తండ్రి చనిపోయేటప్పటికి కాట్నిస్‌కు పదకొండేళ్లు. పన్నెండు నిండగానే తనకు, తల్లికి, చెల్లికి కలిపి మూడు టెస్సెరాలు తీసుకుంది. ఏడాదికి నాలుగు చీటీల చొప్పున పదహారేళ్లకు ఇరవై. ఆమె స్నేహితుడు గేల్ ఇంట్లో ఐదుగురు. పద్దెనిమిదేళ్లకు అతనివి నలభై రెండు. కలిగినవాళ్ల పిల్లలవి వయసుకొచ్చిన చీటీలే. చూడటానికి అందరికీ ఒకే చట్టం, ఒకే గాజు పాత్ర. ఆకలైనవాడి పేరే ఎక్కువసార్లు ఉంటుంది.

2019లో ఈ భాగాన్ని మా నానమ్మకు తెలుగులో చెప్పాను. నానమ్మది జనగామ దిక్కు ఊరు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి, ఐలమ్మ తన పంటను దొర మనుషులకు దక్కనివ్వని పాలకుర్తి, ఆమె చిన్నతనంలో చుట్టుపక్కల ఊళ్లు. అంతా విని, "గిది నాగు లెక్కనే ఉంది బిడ్డా" అంది. నాగు అంటే గింజలు లేని రోజుల్లో దొర గడీ నుంచి ధాన్యం అప్పు తెచ్చుకుని, పంట రాగానే పైకి కలిపి కొలవడం. కొలిచినా తీరేది కాదట, మళ్లీ ఏడు మళ్లీ తెచ్చుకోవాల్సిందే. "గింజ తెచ్చుకున్నోడు గింజతోనే పోతడా, ఇంట్ల పిలగాండ్లను సుత వెట్టికి పంపాలె" అంది. ఆ మాట విన్నాక నేను ఈ పుస్తకాలను మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఎవరు ఎవరిని చంపుతారని చూడలేదు. ఎవరు ఏం తింటున్నారో చూస్తూ పోయాను.

అలా చదివితే ఇది వేరే నవల. పానెం అన్న పేరుకే లాటిన్‌లో రొట్టె అని అర్థం. జనానికి రొట్టె, వినోదం పడేస్తే చాలు, నోరెత్తరు అన్న పాత రోమన్ల మాట నుంచి వచ్చింది. మూడో భాగంలో ఆ సంగతి వాళ్ల నోటే చెప్పిస్తుంది రచయిత్రి. కాట్నిస్‌కూ, ఆమె జిల్లా నుంచే ఆటకు వెళ్లిన రొట్టెల దుకాణం పిల్లవాడు పీటాకూ మధ్య ఉన్న బంధమంతా వానలో విసిరిన రెండు మాడిన రొట్టెల దగ్గర మొదలవుతుంది. ఆమె కోసం ఆ పిల్లవాడు కావాలనే రొట్టెలు మాడ్చి తల్లితో దెబ్బలు తింటాడు. పదకొండో జిల్లా పని పంటలు పండించడం. అక్కడి నుంచి వచ్చిన పన్నెండేళ్ల రూ, అరణ్యంలో కాట్నిస్ కొట్టిన పక్షి కాలు చేతికిస్తే, కాలు మొత్తం నాకే ఎప్పుడూ దొరకలేదంటుంది. పండించిన పంట నోట్లో పెట్టుకుంటే అందరి ముందూ కొరడాతో కొడతారట వాళ్ల ఊళ్లో. ఇక్కడ మా అక్క కూతురు పుస్తకం మూసి, "పిన్నీ, అన్నం పండించేటోళ్లకే అన్నం ఉండదా?" అని అడిగింది. నానమ్మ ఉండుంటే జవాబు ఆమే చెప్పేది. నేను వెట్టి గురించి, 1946లో మొదలైన సాయుధ పోరాటం గురించి నాకు తెలిసినంత చెప్పాను. ఆ రోజు ఇంకో పేజీ చదవలేదు.

రూ చనిపోయాక ఆమె జిల్లావాళ్లు కాట్నిస్‌కు ఒక రొట్టె పంపిస్తారు. తమ దగ్గరే లేని తిండిని, వేరే జిల్లా పిల్లకు. నా లెక్కలో తిరుగుబాటు మొదలయ్యింది అక్కడే. విల్లు, బాణాలు తర్వాతి సంగతి. రెండో భాగంలో పారిపోయి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు తమ గుర్తుగా చూపించేది, తిరుగుబాటుకు చిహ్నమైన మాకింగ్‌జే పక్షి బొమ్మ ముద్రించిన బిస్కెట్టు లాంటి రొట్టె. అదే భాగంలో కాట్నిస్‌ను మళ్లీ ఆటకు పంపుతారు. అక్కడ రోజూ వచ్చే రొట్టెలు, వాళ్లను ఆట నుంచి తప్పించే సమయం చెప్పే సంకేతం. మూడో జిల్లా రొట్టెలు ఇరవై నాలుగు, అంటే మూడో రోజు ఇరవై నాలుగో గంట. మొదటిసారి ఇదంతా నాకు తట్టనేలేదు. 2011లో, తెలంగాణ ఉద్యమంలో, మా ఇంటి ముందు రోడ్డు మీదే రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి వంటా వార్పు చేశారు, అటుగా వచ్చినవాళ్లందరికీ వడ్డించారు, మా అమ్మా కూర వండింది. తిండితో కూడా నిరసన చెప్పొచ్చని కళ్లారా చూసిన నాకు, మరుసటి ఏడే ఈ పుస్తకంలో అది కనపడలేదు.

ఇక మూడో భాగం, మాకింగ్‌జే. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను దానికి అన్యాయం చేశాను.

చాలామంది పాఠకులకు ఈ భాగం నచ్చదు. ఆట లేదు, కాట్నిస్ ఎప్పుడూ మందుల మత్తులో, దుఃఖంలో ఉంటుంది, అందరూ చనిపోతారు అంటారు. 2012లో నా ఫిర్యాదు వేరే. నాశనమైందనుకున్న పదమూడో జిల్లా భూమి కింద బతికే ఉంటుంది, తిరుగుబాటును నడిపిస్తుంది. దాని నాయకురాలు కాయిన్. చివర్లో నియంత స్నోను చంపమని కాట్నిస్ చేతికి విల్లు ఇస్తే, ఆమె గురి మార్చి కాయిన్‌ను కొడుతుంది. నాకు మతిపోయింది. ఉద్యమం గెలిచిన రోజున ఉద్యమ నాయకురాలిని ఎందుకు చంపింది? కారణం ఎక్కడా కనపడలేదు. ఉద్యమాన్ని మనసారా నమ్మిన వయసు నాది. కోపంతో పుస్తకాన్ని అటక మీద పడేశాను.

కారణం ఎందుకు కనపడలేదో 2015లో తెలిసింది. మూడో భాగం మీద తీసిన చివరి సినిమా చూస్తుంటే నేను అసలు చదవని దృశ్యాలు రెండు వచ్చాయి. ఇంటికి వచ్చి అటక మీది పుస్తకం దించి చూస్తే, నాకు ఒక పాత పుస్తకాల దుకాణంలో అమ్మిన ఆ ప్రతిలో వరసగా పదహారు పేజీలు లేవు. ఏ పేజీలైతే లేకపోతే ఈ నవల అర్థమే మారిపోతుందో, సరిగ్గా అవే. స్నేహితురాలి పుస్తకం తెచ్చి, కోఠిలో జిరాక్స్ తీయించి మధ్యలో పెట్టుకున్నాను. పాత ప్రతి కొనేవాళ్లు దయచేసి పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రతి భాగంలోనూ ఇరవై ఏడు అధ్యాయాలు ఉండాలి, మూడోదానిలో చివర ఇంకొక చిన్న ముగింపు ఉంటుంది.

ఆ పేజీల్లో ఉన్నదిది. కాపిటల్ నగరపు పిల్లల మీద బాంబులు వేసింది, వాళ్లను కాపాడటానికి పరుగెత్తిన ప్రిమ్‌ను చంపింది తన మనుషులు కాదని, కాయిన్ అని స్నో కాట్నిస్‌తో చెప్తాడు. ఆ తర్వాత కాయిన్, బతికున్న విజేతలను కూర్చోబెట్టి ఒక ప్రతిపాదన పెడుతుంది. చివరిసారిగా ఒక ఆట ఆడిద్దాం, ఈసారి కాపిటల్ పిల్లలతో. ఓటు వేయండి అంటుంది. పీటా వద్దంటాడు. కాట్నిస్ సరేనంటుంది.

2019లో ఇవన్నీ వరసలో పెట్టి చదివితే, కాయిన్ సంగతి పుస్తకం ఎప్పుడో చెప్పేసిందని తెలిసింది. పదమూడో జిల్లాలో తిండి కొలిచి పెడతారు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో పొద్దున్నే చేతి మీద ముద్ర వేస్తారు. కాపిటల్ నుంచి తెచ్చిన, కాట్నిస్‌ను అలంకరించే ముగ్గురిని గొలుసులతో కట్టేసి ఉంచుతారు. వాళ్ల నేరం ఒక రొట్టె ముక్క ఎక్కువ తీసుకోవడం. ఆ దృశ్యం కాట్నిస్ చూసినప్పుడే ఆమెకు భయం పట్టుకుంది, నాకు పట్టుకోవడానికి ఏడేళ్లు పట్టింది. రొట్టెకు మనిషిని కట్టేసేవాళ్లు ఏ జెండా పట్టుకున్నా నేను నమ్మలేను ఇప్పుడు. ఉద్యమం మీద నమ్మకం నాకు పోలేదు. ఉద్యమంలో పళ్లెం ఎవరి చేతిలో ఉందో చూడాలన్న జాగ్రత్త వచ్చింది, అంతే.

లోపాలున్నాయి. పీటానా గేలా అన్న ముక్కోణం రెండో భాగంలో సాగుతుంది. అదే భాగంలో మళ్లీ ఆట పెట్టడం, గడియారం లాంటి ఆ మైదానం ఎంత తెలివైనదైనా, మొదటి దాని నీడలోనే ఉంటుంది. మూడో భాగంలో, రెండో ఆటలో కాట్నిస్‌కు తోడు నిలిచిన ఫిన్నిక్ లాంటి మనిషి చావు రెండు మూడు వాక్యాల్లో అయిపోతుంది. యుద్ధంలో అలాగే జరుగుతుందని తెలుసు, అయినా నాకు సరిపోలేదు. హింస చాలా ఉంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దు. ఆ పైవాళ్లకు కూడా పెద్దవాళ్లెవరైనా పక్కన చదివితే మంచిది.

తర్వాత వచ్చిన రెండింటి గురించి కొంచెం. 2020లో వచ్చింది స్నో కుర్రతనం కథ. దాని చివరి మూడో వంతు నెమ్మదిస్తుంది. కానీ యుద్ధంలో ఆకలితో పెరిగి, ఆ తర్వాతా క్యాబేజీ ఉడకబెట్టుకుని బతికిన పిల్లవాడు, ఆకలి ఎలా ఉంటుందో తెలిసీ ఇంకొకరి ఆకలిని ఆయుధం చేసుకోవడం చూస్తే ఒళ్లు గగుర్పొడిచింది. 2025 మార్చిలో వచ్చింది, కాట్నిస్‌కు ఆటలో గురువైన పాత విజేత హేమిచ్ కథ. నలభై ఎనిమిది మంది పిల్లలతో జరిగిన యాభయ్యో ఆట. జరిగినదాన్ని కోసి అతికించి టీవీలో వేరేగా చూపించడం దీని సారం. పాత పాత్రల చుట్టాలందరూ ఇందులో తారసపడటం కొంచెం అతిగా అనిపించింది, చివరి పేజీలకు మాత్రం ఏడ్చాను. రాసిన వరసలోనే చదవండి, కథ జరిగిన కాలం వరసలో వద్దు.

మూడు వేళ్లు పెదవులకు ఆనించి పైకెత్తే సైగ మీరు వార్తల్లో చూసే ఉంటారు. 2014లో థాయిలాండ్‌లో, 2021లో మయన్మార్‌లో సైన్యానికి ఎదురు నిలబడ్డవాళ్లు మూడు వేళ్లు ఎత్తారు. పుస్తకంలో అది మొదట నిరసన కాదు. పన్నెండో జిల్లాలో ప్రేమించిన మనిషిని సాగనంపేటప్పుడు, చావుల దగ్గర, చేసే పాత సైగ. ఇది చెప్తే మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు పుస్తకాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. జిరాక్స్ పేజీలు వెలిసిపోతే వాటి మీద అక్షరాలు పెన్సిల్‌తో మళ్లీ దిద్దుకుంది. కాట్నిస్ ఓటు దగ్గర మాకు ఇంకా గొడవే. కాయిన్‌కు అనుమానం రాకుండా ఉండటానికే సరేనందని నేనంటాను. "లేదు పిన్నీ, చెల్లి చచ్చిపోయింది కదా, ఆ ఒక్క నిమిషం నిజంగనే అనుకుంది" అంటుంది ఆమె. నిన్న రాత్రి ఫోన్ చేసి, పేజీ నంబరు చెప్పి, మళ్లీ చదవమంది.