సీపీఎల్ ఫిల్టర్ సమీక్ష: సాగర్ నీళ్లకు, పానగల్లు నల్లరాతికి

సర్క్యులర్ పోలరైజర్, అదే మనం సీపీఎల్ అనేది, లెన్సు ముందు బిగించి రింగు తిప్పుతూ తళుకును తగ్గించే ఫిల్టర్. దీన్ని చాలామంది నీలాకాశం కోసం కొంటారు. నల్లగొండ, పాలమూరు ఎండల్లో చాన్నాళ్లు వాడాక చెప్పే మాట: ఆకాశం దీనికి కొసరు పని. పెట్టిన డబ్బు నీళ్ల మీద, ఆకుల మీద, నల్లరాతి మీద తిరిగొస్తుంది.

ఎండాకాలం మొగులంతా దుమ్ముతో తెల్లబారి ఉంటుంది, ఎంత తిప్పినా నీలం రాదు. వాన వెలిసిన మర్నాడు చూడండి తేడా. చూపుడువేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలు దానికి అడ్డంగా తెరిచి మణికట్టు తిప్పితే, బొటనవేలు చూపే చోటల్లా నీలం చిక్కబడుతుంది. పొద్దుగాల, పొద్దుగూకే ముందు అది ఉత్తర దక్షిణాలకు వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము అంత సెన్సర్ ఉన్న) కెమెరా మీద 24 మి.మీ. కన్నా వెడల్పు లెన్సుతో ఆకాశం మధ్యలో ముదురు మచ్చ పడుతుంది. ఎడిటింగులో అది ఓ పట్టాన పోదు.

నాగార్జునసాగర్ నీటిని పై నుంచి, నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూస్తూ తిప్పితే తళుకు దాదాపు మాయమై ఒడ్డువార రాళ్లు కనిపిస్తాయి. నీటి అంచున చతికిలబడి తీస్తే ఆ ఫలితం ఉండదు. గేట్లు ఎత్తినప్పుడు తుంపర్లలో లేచే ఇంద్రధనుస్సు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ వెలుగు ముందే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో కంపిస్తూ ఉంటుంది. రింగు ఒక స్థానంలో రంగులు చిక్కబడతాయి, అక్కణ్నుంచి 90 డిగ్రీలు తిరిగితే ధనుస్సే పోతుంది.

పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంలో నునుపు నల్లరాయి మీద ఎండ తళుకు సన్నని చెక్కడాన్ని మింగేస్తుంది. సీపీఎల్ తిప్పగానే గీతలు తేలతాయి. ఇత్తడి, వెండి తొడుగుల మెరుపును మాత్రం ఇది తీయలేదు, లోహం తీరు వేరు. పాలమూరు పిల్లలమర్రి ఆకుల మీద పూర్తిగా తిప్పకండి. మెరుపంతా పోతే ఆకు చచ్చినట్టుంటుంది. కొంచెం తళుకు మిగిల్చితేనే అందం.

పానగల్లులోనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో నిలిచే నీడ తీయాలంటే ఫిల్టర్ విప్పేయండి. ఇది ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). 1/60 సెకను షట్టర్‌తో వచ్చే ఫొటోకు 1/20 సెకను కావాలి, చేతి కెమెరాకు అది కష్టం.

ఎర్రమన్ను రింగులో చేరితే తిరిగేటప్పుడు గరగరమంటుంది. నూనె వేయొద్దు, గాజు మీదికి పాకుతుంది. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాతే గుడ్డ. లెన్సుకు బిగుసుకుపోతే గట్టిగా నొక్కకండి, రింగు వంకరై ఇంకా పట్టేస్తుంది. అంచుకు వెడల్పు రబ్బరు బ్యాండు చుట్టి మెల్లగా తిప్పండి. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే రెండు గాజుల మధ్య పొర అంచుల్లో ఊడొస్తుంది. దానికిక మరమ్మతు లేదు.

పెద్ద లెన్సు కొలతకే ఒక్కటి కొని, చిన్నవాటికి 67 నుంచి 77 మి.మీ. లాంటి స్టెప్‌అప్ రింగు (చిన్న లెన్సుకు పెద్ద ఫిల్టర్ బిగించే రింగు) వాడితే ఖర్చు తగ్గుతుంది. లెన్సుకు ఎండ తగలకుండా పెట్టే హుడ్ పట్టకపోవడం దానితో వచ్చే తలనొప్పి. కొట్లోనే లాప్‌టాప్ తెర ముందు పట్టి తిప్పి చూడండి: ముందువైపు (లెన్సుకు అవతలి వైపు) తెరకు ఉన్నప్పుడు నల్లబడాలి, తిరగేస్తే అంతగా నల్లబడకూడదు. రెండు వైపులా ఒకేలా నల్లబడితే అది లీనియర్ రకం, కొన్ని కెమెరాల్లో ఆటోఫోకస్‌నూ మీటరింగ్‌నూ (వెలుగు కొలతను) తికమక పెడుతుంది.