పామ్‌ స్ప్రింగ్స్‌ రోప్‌వే: పాలమూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే

ఎండాకాలం గడపడానికి నల్లగొండ, పాలమూరు నుంచి కాలిఫోర్నియా వచ్చిన పెద్దవాళ్లకు తప్పక చూపించాల్సిన చోటు ఇది. ఎడారి అంచున 2,643 అడుగుల ఎత్తులో ఎక్కితే, పది నిమిషాల్లో శాన్‌ జసింటో కొండ మీద 8,516 అడుగుల దగ్గర దిగుతాం. కింద రాళ్లూ ముళ్లకంపలూ, పైన పైన్‌ చెట్ల అడవి. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే చిన్న డబ్బాలను ఊహించుకోకండి, ఇక్కడ ఒక్కో పెట్టెలో 80 మంది పడతారు.

కిటికీ కోసం తోసుకోనక్కర్లేదు. పెట్టె నేల మెల్లగా తిరుగుతూ దారిలో రెండు చుట్లు పూర్తి చేస్తుంది కాబట్టి అందరికీ లోయా కొండా రెండూ కనిపిస్తాయి.

భయపెట్టేది టవర్ల దగ్గరే. మొత్తం ఐదున్నాయి. రెండు టవర్ల మధ్య తాడు కాస్త కిందికి వంగి ఉంటుంది, టవర్‌ మీదికి రాగానే దాని వాలు మారిపోతుంది. పైన చక్రాలు ఆ వంపు దాటగానే కింద వేలాడే పెట్టె ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. జనం ఒక్కసారిగా కేకలేస్తారు. ఏదీ తెగలేదనీ, ఆ ఊపు మామూలేననీ అమ్మకు ఎక్కకముందే చెప్పండి. చెవులు దిబ్బడేస్తాయి, నోట్లో కాస్త సోంపు వేసుకుని నములుతూ ఉంటే సర్దుకుంటాయి.

అసలు కష్టం పైన పెట్టె దిగాకే. స్టేషన్‌ వెనక నుంచి లాంగ్‌ వ్యాలీ అనే పల్లానికి సిమెంటు దారి మెలికలు తిరుగుతూ బాగా ఏటవాలుగా దిగుతుంది. దిగడం హాయే, ఎక్కడమే గండం. ఆ ఎత్తులో గాలి పలచన, నాలుగడుగులకే ఆయాసమొస్తుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లను స్టేషన్‌ వసారాలోనే కూర్చోబెట్టండి, ఎడారి అంతా అక్కడి నుంచే కనిపిస్తుంది. నడవగలిగేవాళ్లకు ఆ పల్లంలో మైలున్నర డెజర్ట్‌ వ్యూ దారి చక్కగా ఉంటుంది. శిఖరం దాకా పోవాలంటే రేంజర్‌ ఆఫీసులో పర్మిట్‌ తీసుకోవాలి.

కింది ఎడారికంటే పైన 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌ దాకా చల్లగా ఉంటుంది. కింద ఉక్కపోస్తోందని శాలువ కారులో వదిలేస్తే పైన వణకాల్సిందే. చలికాలం మంచు పడుతుంది, చెప్పులతో వెళ్తే జారతారు. పైన హోటలున్నా మన తిండి దొరకదు, సర్వపిండి నాలుగు ముక్కలు, నీళ్ల సీసాలు సంచిలో పెట్టుకోండి.

టికెట్‌ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఏటా సెప్టెంబరు ప్రాంతంలో కొన్ని వారాలు మరమ్మతులకు మూసేస్తారు, గాలి ఎక్కువైనా ఆపేస్తారు. బయల్దేరే రోజు పొద్దున ఒకసారి వెబ్‌సైట్‌ చూసుకోండి.