ముందు చక్రాల బ్రేకులు మార్చాను, వీఎస్‌సీ లైటు వెలిగింది: సుబారూ బీఆర్‌జెడ్‌తో ఏడేళ్ళు

నా కారు 2013 సుబారూ బీఆర్‌జెడ్. 2018లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 41 వేల మైళ్ళు తిరిగింది, ఇప్పుడు 97 వేలు. వారమంతా ఆఫీసుకి, రెండు మూడు నెలలకోసారి థండర్‌హిల్ రేస్ ట్రాక్‌కో లగూనా సేకా రేస్ ట్రాక్‌కో ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి. ఈ ఏడేళ్ళలో బ్రేకులు మూడుసార్లు మార్చాను. రెండోసారి మార్చినప్పుడు డాష్‌బోర్డులో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటు, దాని పక్కన వీఎస్‌సీ (కారు జారకుండా సరిదిద్దే వ్యవస్థ) లైటు, అదే జారుతున్న కారు బొమ్మ, రెండూ వెలిగాయి. మూడోసారి మార్చి నాలుగేళ్ళయింది, మళ్ళీ వెలగలేదు. సమీక్ష ఈ మూడో సెట్టు గురించే. కానీ మొదటి రెండూ చెప్పకపోతే మూడోది ఎందుకు ఎంచుకున్నానో అర్థం కాదు.

ఈ కారుకి ఫ్యాక్టరీ నుంచి ముందు 294 మిల్లీమీటర్ల డిస్కులు, వెనక 290 వస్తాయి. డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టుకునే కాలిపర్ ముందు రెండు పిస్టన్లది, వెనక ఒక పిస్టన్‌ది. బరువు పన్నెండున్నర వందల కిలోల దరిదాపుల్లో ఉండే కారు, ఇంజన్ 200 హార్స్ పవర్. రోడ్డు మీద ఈ బ్రేకులకు వంక పెట్టడానికి లేదు. ట్రాక్ మీద మాత్రం మొదటి రోజే వాటి హద్దు తెలిసింది. జూలైలో థండర్‌హిల్ అంటే మన రామగుండం ఎండే. వెనకవైపు పొడవాటి స్ట్రెయిట్ చివర, పద్నాలుగో మలుపు ముందు, నాలుగో రౌండులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా సగం దాకా దిగిపోయింది. బ్రేక్ ఆయిల్ మరిగింది. రెండోసారి గబగబా తొక్కి, కారు నిలబెట్టుకుని, నెమ్మదిగా పిట్‌లోకి వచ్చేశాను. చేతులు వణికాయి.

కాబట్టి మొదటి మార్పు చిన్నదే. మంచి ప్యాడ్లు, కొత్త ఆయిల్, స్టీలు అల్లిక ఉన్న గొట్టాలు. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 155 దాకా ఆగితే చాలు. నేను పోసిన మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు. ఆ తేడా ఒక్కటే పెడల్ దిగిపోవడాన్ని పూర్తిగా ఆపేసింది. నా మాట నమ్మండి, మీరు పెట్టే ఖర్చులో డాలరుకి డాలరు విలువ ఇచ్చేది ఈ ఆయిలే. హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు తన ఆక్టావియాకి పెద్ద కాలిపర్లు వెతుకుతూ, "అన్నయ్యా, ముందు రెండు చక్రాలకి వేస్తే చాలదా?" అని అడిగాడు. "ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావో చెప్పరా," అన్నాను. మూడేళ్ళయిందట.

ఆ దశలో వీఎస్‌సీతో ఒక్కటే ఇబ్బంది వచ్చింది, అదీ లైటు వెలగకుండానే. ప్యాడ్ల పట్టు మొదటి తొక్కుడుకే గట్టిగా ఉండేది. లగూనా సేకాలో కార్క్‌స్క్రూ అనే మెలికల మలుపుకి ముందు ఎత్తెక్కుతూ బ్రేకు వేయాలి, మిట్ట పైన కారు బరువు ఒక్క క్షణం తేలిపోతుంది. సరిగ్గా అక్కడ కాలు ఠక్కున దించితే పెడల్ రాయిలా బిగుసుకుపోయి, కారు ఆగనే ఆగలేదు. దీన్ని ఐస్ మోడ్ అంటారు. చక్రం వేగం ఒక్కసారిగా పడిపోయేసరికి ఏబీఎస్ కంప్యూటర్ రోడ్డు మంచులా జారుతోందనుకుని ఒత్తిడి తగ్గించేస్తుంది. ఏబీఎస్ ఉన్న కార్లలో ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చూసేదే. మందు రెండు రకాలు: మొదటి పట్టు కాస్త మెత్తగా ఉండే ప్యాడ్లు, నిమ్మకాయ పిండినట్టు బ్రేకు వేసే కాలు. రెండూ అలవాటు చేసుకున్నాక అది మళ్ళీ రాలేదు.

2020 చివర్లో పెద్ద తప్పు చేశాను. సుబారూదే మరో కారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ నుంచి తీసిన నాలుగు పిస్టన్ల బ్రెంబో కాలిపర్లు చవగ్గా దొరికాయి. నా కారు ముందు నకిల్‌కి (చక్రాన్నీ కాలిపర్‌నీ మోసే లోహపు భాగం) అవి నేరుగా కూర్చుంటాయి. డిస్కులు మాత్రం చూసి కొనాలి. బీఆర్‌జెడ్‌లో చక్రం బిగించే హబ్ బోల్టుల కొలత 5×100, అంటే 100 మిల్లీమీటర్ల వృత్తం మీద అయిదు బోల్టులు. ఎస్‌టీఐకి 2004లో అదే ఉండేది, 2005 నుంచి 5×114.3 అయింది. అంతవరకు జాగ్రత్తగానే చూసుకున్నాను. చూడనిది ఒక్కటే: ముందు మాత్రమే 294 నుంచి 326 మిల్లీమీటర్లకి వెళ్తున్నాను, వెనక 290 అలాగే ఉంది. ఆ కాలిపర్లలో ఏ లోపమూ లేదు, లోపం నా లెక్కలో ఉంది. సుబారూ కంపెనీయే 2017లో ఈ కారుకి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీలో బ్రెంబోలు ఇచ్చినప్పుడు ముందు 326, వెనక 316 చేసి రెండూ కలిపి మార్చింది. అది చూసి కూడా నేను ముందువి మాత్రమే బిగించాను.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి ఇదే. వీఎస్‌సీ మన బ్రేకులనే వాడుకుంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పాం, కారు నిజంగా ఎంత తిరుగుతోంది, నాలుగు చక్రాల వేగం ఎంత అని చూస్తూ ఉంటుంది. కారు ముందు భాగం బయటికి జారితే లోపలి వెనక చక్రాన్ని పట్టుకుంటుంది. వెనక భాగం బయటికి ఊడిపోతుంటే బయటి ముందు చక్రాన్ని పట్టుకుంటుంది. ఎంత పట్టుకోవాలన్నది వాల్వు ఎన్ని మిల్లీసెకన్లు తెరిచిందన్న లెక్క మీద నడుస్తుంది. ఆ లెక్క ఫ్యాక్టరీ కాలిపర్‌కి రాసింది. ఇప్పుడు కాలిపర్ పెద్దది చేశారనుకోండి. అదే కుళాయి అదే సేపు తిప్పితే చెంబు నిండుతుంది కానీ బిందె నిండదు కదా. ఒత్తిడి ఆలస్యంగా ఎక్కుతుంది, ఎక్కాక పెద్ద డిస్కు వల్ల పట్టు అనుకున్నదానికంటే ఎక్కువ పడుతుంది. దాంతో వ్యవస్థ ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ సరిదిద్దుతుంది.

నా కారులో కనిపించింది అచ్చం ఇదే. వానలో హైవే 17 మీద శాంతాక్రూజ్ వైపు దిగుతూ మలుపులో కాస్త బ్రేకు వేస్తే ముక్కు ఒక్కసారి లోపలికి గుంజింది, వెంటనే వదిలేసింది. లైటు మిణుకుమంది, అంతే. ట్రాక్ మీద ముందు చక్రాల దగ్గర ఏబీఎస్ తొందరగా వచ్చేసేది, వెనక బ్రేకులు మాత్రం పని లేకుండా కూర్చునేవి. పెద్ద బ్రేకులు వేసి ఆగే దూరం పెంచుకున్నానన్నమాట.

లైట్లు ఆరకుండా వెలగడం వేరే కథ. బిగించి మూడు వారాలయ్యాక, సూపర్ మార్కెట్ పార్కింగ్‌లో ఎడమవైపు పూర్తిగా స్టీరింగ్ తిప్పగానే రెండు లైట్లూ వచ్చాయి. స్కానర్ పెడితే ముందు ఎడమ చక్రం వేగం సెన్సార్ సిగ్నల్ పోతోందని చూపించింది. చక్రం విప్పి, సెల్‌ఫోన్ టార్చి వేసి సెన్సార్ వైరు వెంట వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. స్ట్రట్ (సస్పెన్షన్ కడ్డీ) దగ్గర వైరుని పట్టుకోవాల్సిన బ్రాకెట్‌కి బోల్టు లేదు. వైరు వదులుగా వేలాడి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం లోపలి అంచుకి రాసుకుంటోంది. నల్లటి తొడుగు గోరంత మేర అరిగి, లోపల రాగి తీగ మెరుస్తోంది. బిగించిన షాపువాళ్ళు కాలిపర్ మార్చేటప్పుడు బ్రాకెట్ విప్పి, మళ్ళీ బిగించడం మరిచిపోయారు. చక్రం వేగం తెలియకపోతే వీఎస్‌సీ తనంతట తాను ఆగిపోతుంది, ఆగిపోవడమే సరైన పని. ఆ సెన్సార్ మార్చి, ఆరు రూపాయల వస్తువులాంటి ఆ చిన్న బోల్టు వేస్తే లైట్లు ఆరిపోయాయి. కానీ ముక్కు గుంజడం పోలేదు. అప్పుడు తెలిసింది, లైటు వెలిగే తప్పు కంటే వెలగకుండా ఉండే తప్పే ప్రమాదమని.

2021 వేసవిలో ఆ కాలిపర్లు అమ్మేసి, ఏపీ రేసింగ్ నాలుగు పిస్టన్ల కాలిపర్లు, 299 మిల్లీమీటర్ల డిస్కులు ఉన్న ముందు కిట్ తెప్పించాను. డిస్కు ఫ్యాక్టరీదానికంటే కేవలం అయిదు మిల్లీమీటర్లు పెద్దది. చూసినవాళ్ళు "ఇంతేనా?" అన్నారు. నేను దాన్ని ఎంచుకున్నది అందుకే. పిస్టన్ల సైజు ఫ్యాక్టరీ ముందు వెనకల నిష్పత్తికి దగ్గరగా ఉండేలా చూసి తయారుచేసిన కిట్ అది. పిస్టన్లు లెక్కపెట్టి పోల్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: ఫ్యాక్టరీ జారుడు కాలిపర్‌లో పిస్టన్లన్నీ ఒకే పక్క ఉంటాయి, అవతలి పక్కని అదే లాక్కుంటుంది. బిగుతు కాలిపర్‌లో రెండు పక్కలా ఉంటాయి, లెక్కకి ఒక పక్కవే తీసుకోవాలి. అంటే రెండు పిస్టన్ల పాతదీ నాలుగు పిస్టన్ల కొత్తదీ సమానంగా ఉండొచ్చు. లాభం ఎక్కడంటే, డిస్కు లోపల గాలి ఆడే దారులు మెరుగు, మధ్య భాగం అల్యూమినియం కాబట్టి బరువు తక్కువ, ప్యాడ్లు మందం. నాకు కావాల్సింది వేడిని తట్టుకోవడం, పట్టు పెరగడం కాదు. పట్టు టైరు ఇస్తుంది.

ఈసారి నేనే బిగించాను, ఒక శనివారం, ఆదివారం సగం. ఆయిల్ డబ్బా ఒక్క నిమిషం కూడా ఖాళీ కానివ్వలేదు. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి దూరితే మామూలుగా పెడల్ తొక్కి తీయడం కష్టం, స్కానర్‌తో వాల్వులు ఆడించాలి. సెన్సార్ వైర్లు రెండూ బ్రాకెట్లలో కూర్చున్నాక, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, జాకీ మీద చక్రం వేలాడుతున్నప్పుడు ఒకసారి, దించాక ఒకసారి చూశాను. వెనక ఫ్యాక్టరీ కాలిపర్లే ఉంచి, ముందువాటి కుటుంబానికే చెందిన ప్యాడ్లు వేశాను. వెనక ప్యాడ్లు ముందువాటికంటే ఎక్కువ కరిచేవైతే బ్రేకు వేయగానే తోక ఊగుతుంది, వీఎస్‌సీ ప్రతి మలుపులోనూ కలగజేసుకుంటుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు, 225/45 ఆర్ 17, ఒకేసారి కొన్నవి. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ నున్నగా అరిగినవి ఉంటే చక్రాల వేగాల్లో తేడా వస్తుంది. వీల్ అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ నిటారుగా లేకపోయినా కారు తిరుగుతోందని వ్యవస్థ అనుకోవచ్చు, అందుకే స్టీరింగ్ సెన్సార్ సున్నా పాయింట్ మళ్ళీ సెట్ చేయించుకున్నాను.

నాలుగేళ్ళు, ఇరవై రెండు ట్రాక్ రోజులు, దాదాపు ముప్ఫై వేల మైళ్ళు. జూలై థండర్‌హిల్‌లో ఇరవై నిమిషాల సెషన్ చివరి రౌండులో కూడా పెడల్ మొదటి రౌండులో ఉన్న ఎత్తులోనే ఉంటోంది. హైవే 17 వానలో మళ్ళీ అదే మలుపుల్లో దిగాను, కారు గుంజలేదు. ట్రాక్ మీద వీఎస్‌సీ స్పోర్ట్ మోడ్‌లో పెడతాను, అందులో అది తక్కువగా కలగజేసుకుంటుంది. హ్యాండ్ బ్రేకు లాగుతూ, బ్రేకు పెడల్ తొక్కుతూ ఒక వరుసలో చేసి వీఎస్‌సీని మొత్తం ఆపేసే పద్ధతి ఉంది, దాన్ని పెడల్ డాన్స్ అంటారు. బ్రేకుల లెక్క తప్పితే దాన్ని దాచడానికి అది వాడొద్దు, రోడ్డు మీద అసలే వద్దు.

ఇబ్బందులు లేకపోలేదు. ఇవి రేసింగ్ కోసం చేసిన కాలిపర్లు, పిస్టన్ల మీద దుమ్ము ఆపే రబ్బరు తొడుగులు ఉండవు. రోజూ రోడ్డు మీద తిప్పేవాళ్ళు సీళ్ళు ఎప్పటికప్పుడు చూసుకోవాలి. నేను రెండేళ్ళకోసారి విప్పి కొత్తవి వేస్తున్నాను. గతుకుల రోడ్డు మీద ప్యాడ్లు టకటకమంటాయి. మా ఆవిడ మొదట్లో "ఏదో ఊడిపోతోంది చూడండి" అనేది, ఇప్పుడు అలవాటైంది. ఖర్చు ప్యాడ్లతో కలిపి రెండు వేల డాలర్లు దాటింది.

ఇంకొకటి, నేను ఊహించనిది. స్పోర్ట్ మోడ్ వదిలేసి మామూలు మోడ్‌లో ట్రాక్ మీద తిరిగిన రెండు రోజుల్లో వెనక ప్యాడ్లు ముందువాటికంటే త్వరగా అరిగాయి. ప్రతి మలుపులో వీఎస్‌సీ వెనక చక్రాలని తడుముతూ ఉంది, నాకు తెలియనేలేదు. అప్పటి నుంచి ప్రతి ట్రాక్ డే సాయంత్రం చక్రాలు విప్పి నాలుగు చక్రాల ప్యాడ్ల మందమూ కొలిచి ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. వెనక అరుగుదల ముందుదాన్ని దాటితే కారుని నేను తప్పుగా నడుపుతున్నానని ఆ పేజీయే చెబుతుంది. మొన్న సెప్టెంబరులో లగూనా సేకా తర్వాత ముందు ప్యాడ్లు తొమ్మిది మిల్లీమీటర్లు, వెనకవి ఆరు. వచ్చే వసంతానికి వెనకవి మార్చాలి, ముందువి ఇంకో సీజన్ వస్తాయి.