లా స్కాలాలో కండెన్సర్లు మార్చి ఆరేళ్ళయింది

మా మేనమామ 1978లో అమెరికాలో కొన్న క్లిప్ష్ కంపెనీ లా స్కాలా స్పీకర్ల జత ఇది. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఇంటి సామాన్లతో పాటు కంటెయినర్లో వచ్చి, ఏళ్ళ తరబడి చిత్తూరులో వాళ్ళింటి మిద్దె మీద గదిలో పడుండి, చివరికి తిరుపతిలో మా హాల్లోకి చేరింది. ఒక్కోటి యాభై కిలోల పైమాటే. మెట్లెక్కించేసరికి నలుగురికీ నడుములు పడిపోయినాయి. నిజానికి ఇది ఇంట్లో వినడానికి పుట్టిన పెట్టె కాదు. 1963లో, కంపెనీ యజమాని పాల్ క్లిప్ష్ దీన్ని ఆర్కాన్సాలో విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ గవర్నర్ పదవికి పోటీ చేసేటప్పుడు ప్రచారం కోసం చేశాడు. అంటే మన భాషలో ఎలక్షన్ మైకు. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 104 డెసిబెల్స్ (డీబీ) మోత కొడుతుంది, కాబట్టి నా బుల్లి వాల్వ్ ఆంప్లిఫయరే దీనికి ఎక్కువ.

కానీ వచ్చిన కొత్తలో వింటే ఏదో తేడా. నాదస్వరం దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది, తాళాలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. కుడి పెట్టెలో మరీ ఘోరం. డ్రైవర్లను, అంటే శబ్దం పుట్టించే భాగాలను, అటుదిటు మార్చి చూశా, మందకొడితనం మాత్రం కుడి పెట్టెను వదల్లేదు. అంటే గొడవ క్రాస్ఓవర్లో, శబ్దాన్ని లావు, మధ్య, సన్న స్వరాలుగా విడదీసి ఒక్కో డ్రైవర్‌కి పంపే సర్క్యూట్లో, ఉంది.

ఇందులో ఉండేది టైప్ ఏఏ క్రాస్ఓవర్. చెక్క పలక మీద నాలుగు సామాన్లు, విప్పి చూస్తే స్కూలు ప్రాజెక్టులా ఉంటుంది. లావు స్వరాల ఊఫర్‌కి 2.5 మిల్లీహెన్రీల కాయిల్ ఒక్కటే. మధ్య స్వరాల హారన్‌కి 13 మైక్రోఫారడ్ కెపాసిటర్ (మనం కండెన్సర్ అనేదే), దాని వెనక హారన్ మోతను తగ్గించే ఆటోఫార్మర్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. సన్న స్వరాల ట్విటర్‌కి 2 మైక్రోఫారడ్‌వి రెండు, మధ్యలో చిన్న కాయిల్. 400 హెర్ట్జ్ దగ్గర ఒక కోత, 6000 దగ్గర ఇంకొకటి. మీటరు పెట్టి కొలిస్తే కెపాసిటర్ల విలువ దాదాపు సరిగ్గానే చూపించింది, అందుకే మొదట మోసపోయా. పెరిగింది లోపలి రెసిస్టెన్స్. కుడి పెట్టెలో ఒకటైతే కొత్తదాంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలు మల్టీమీటర్లో ఇది దొరకదు, ఈఎస్ఆర్ (అంటే ఆ లోపలి రెసిస్టెన్స్) చూపించే మీటరే కావాలి.

ఆ పాత కెపాసిటర్ల రేకు డబ్బాలను జేబులో వేసుకుని కొర్లగుంటలో మోటార్లు చుట్టే కొట్టుకి పోయా, ఇంకేదో వైరు కోసం. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఇదేంది సామీ, మోటారు కండెన్సరే గదా, దీనికింత హడావుడి ఎందుకు?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అప్పట్లో వాళ్ళు వాడింది మోటార్ల కోసం చేసే నూనె కెపాసిటర్లనే. ఇప్పుడు మన ఫ్యాన్లకీ కూలర్లకీ వేసేవి పాలీప్రొపిలీన్ ఫిల్ముతో చేసినవి, ఈ పనికి భేషుగ్గా సరిపోతాయి. 10 మైక్రోఫారడ్‌కి 3.15 పక్కన (పారలల్‌గా) కలిపితే 13.15. రెండు 4లను వరసగా (సిరీస్‌లో) వేస్తే 2. పెట్టెకి ఆరు, మొత్తం పన్నెండు కండెన్సర్లు, వెయ్యి రూపాయల్లోపే అయింది. (పాత డబ్బాలను మాత్రం పగలగొట్టకండి, వేడి చేయకండి. ఆ కాలపు నూనెలో పీసీబీ అనే విష రసాయనం ఉండొచ్చు. అమెరికాలో దాని తయారీని 1979లో నిషేధించారు, మా పెట్టెలు అంతకు ముందువి.)

మొదటి రోజు ఆనందం చెప్పలేను. తాళం మోగి, దాని మోత గాల్లో సన్నగా సాగి ఆగిపోవడం దాకా వినిపించింది. వారం తిరక్కుండానే చెవులు గీరుకుపోవడం మొదలైంది. కొత్త కెపాసిటర్లు కొన్నాళ్ళు మోగితే సౌండ్ మెత్తబడుతుందని కొందరంటారు, నేను నాలుగు నెలలు ఆగినా ఏమీ మెత్తబడలేదు. ఆటోఫార్మర్లో వైరును 4వ టాపు (వైరు తగిలించే చోటు) నుంచి 3కి మార్చి మధ్య హారన్‌ని 3 డీబీ తగ్గించా. అప్పుడు మగ గొంతులన్నీ కుండలో తలపెట్టి పాడినట్టయినాయి. కాగితం మీద లెక్కేస్తే అర్థమైంది. టాపు మారితే కెపాసిటర్‌కి కనబడే ఓములు 32 నుంచి 64కి పెరుగుతాయి, 400 దగ్గర ఉండాల్సిన కోత 200 కిందికి జారిపోతుంది. టాపు దించితే ఆ 13 మైక్రోఫారడ్‌ని కూడా సగం చేయాలి. అదీ చేసి చూశా, బాగానే ఉంది. కానీ అసలు దోషి మా హాల్లోని గ్రానైట్ నేల. జంపఖానా పరిచి, వెనక గోడకి మందపాటి కర్టెన్ వేలాడదీశాక మళ్ళీ 4వ టాపుకీ 13కీ వచ్చేశా. ఇప్పటికీ అలాగే ఉంది.

ఒక తప్పు చేశా, అది చెప్పాలి. ట్విటర్‌కి అడ్డంగా జెనర్ డయోడ్లు ఉంటాయి, అవి దానికి కాపలా. తీసేస్తే సౌండ్ స్వచ్ఛంగా వస్తుందని ఎవరో అంటే తీసేశా. నిజంగానే కొంచెం బాగుంది. సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు నేను బజారుకి పోయినప్పుడు ఆంప్లిఫయర్‌ని చివరిదాకా తిప్పి డప్పు పాటలు పెట్టాడు. వచ్చేసరికి ఎడమ ట్విటర్ మూగబోయింది. వాడినేమనగలం, కాపలా తీసింది నేను. ట్విటర్లో కంపించే పొర, డయాఫ్రమ్, బయటి దేశం నుంచి తెప్పించడానికి రెండున్నర నెలలు, కండెన్సర్లన్నిటికీ అయినదానికి ఏడెనిమిది రెట్లు డబ్బు. అది వచ్చిన రోజే జెనర్లను మళ్ళీ అతికించేశా. ఇంట్లో పిల్లలుంటే వాటి జోలికి పోకండి.

ఖరీదైనవి వేసి చూడలేదా అంటే, వేశా. మనసు ఊరుకోదు కదా. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్ అంతా తిరిగి, అక్కడ దొరకనివి ఆర్డర్ పెట్టి, కస్టమ్స్ కట్టి, ఆడియో కోసమే చేసిన పాలీప్రొపిలీన్‌వి తెప్పించా. పద్నాలుగు వేలు. కుడి పెట్టెలో అవి, ఎడమదాంట్లో ఫ్యాన్‌వి పెట్టి, మోనో రికార్డు వేసి, మా ఆవిడ చేత బ్యాలెన్స్ నాబ్ తిప్పించుకుంటూ కళ్ళు మూసుకుని విన్నా. పదిసార్లలో ఐదుసార్లు తప్పు చెప్పా. "బొమ్మా బొరుసూ వేసినా ఇంతే కదండీ" అంది ఆవిడ. డబ్బులు పెట్టాక ఊరుకోలేక రెంటికీ అవే బిగించా, అంతకుమించి కారణం లేదు.

ఈ మే నెలలో మళ్ళీ విప్పి కొలిచా. ఇక్కడి ఎండల్లో ఆరు వేసవులు దాటినా కొత్త కెపాసిటర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. టెర్మినల్ స్క్రూలు మాత్రం నల్లబడి వదులయ్యాయి, గీకి బిగిస్తే కుడివైపు అప్పుడప్పుడూ వచ్చే చిటపట పోయింది. పాత డబ్బాలు బిస్కెట్ టిన్నులో, మూతకి టేపు వేసి, పిల్లలకి అందని అటక మీద ఉన్నాయి. ఫ్యాన్ కండెన్సర్లలో పదకొండు సొరుగులో ఉన్నాయి, 4 మైక్రోఫారడ్‌ది ఒకటి మా ఎయిర్ కూలర్లో తిరుగుతోంది.