ఎస్‌టీపీ కంపుకి గ్యాస్ మీటర్ కొంటున్నారా, డబ్బు కట్టేముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్నోళ్లు, ఎస్‌టీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్) చూసుకునేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. మా సెల్లార్‌లో ఎస్‌టీపీ నుంచి కుళ్లిన కోడిగుడ్డు కంపు పైకి కొడుతోందని, కంపు పీల్చాల్సిన కార్బన్ ఫిల్టర్ అసలు పనిచేస్తోందో లేదో తెలుస్తుందని, ఆ కంపుకి కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుని కొలిచే మానిటర్ పెట్టించాం. కొటేషన్‌లో ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ (రసాయన చర్యతో గ్యాస్‌ని కొలిచేది), 0-100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఎన్ని వంతుల గ్యాస్ అని), కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచూసిన) సర్టిఫికెట్‌తో సహా అని స్పష్టంగా రాసిచ్చారు.

బిగించిన దగ్గర్నుంచి ఎప్పుడు చూసినా సున్నానే. ఆపరేటర్ ఈక్వలైజేషన్ ట్యాంక్ (మురుగునీరు శుద్ధికి ముందు చేరేది) మూత తీస్తే పక్కన నిలబడలేకపోతున్నాం, కళ్లు మండుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం కదల్లేదు. అదే ఒకాయన చేతులకి శానిటైజర్ రాసుకుని దగ్గరికెళ్తే 14 చూపించి అలారం మోగింది! అనుమానమొచ్చి తెలిసిన ఇన్‌స్ట్రుమెంటేషన్ అతనితో బాక్స్ విప్పించాం. లోపల చిన్న జాలీ మూత ఉన్న సెన్సార్, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, అంటే లోపల హీటర్ ఉండే చవక సెమీకండక్టర్ రకం, ఆల్కహాల్ ఆవిరికి కూడా రీడింగ్ ఇచ్చేస్తుంది. సర్టిఫికెట్ మీద సీరియల్ నంబర్ కూడా మా మెషీన్‌ది కాదు.

నాకు డబ్బు కన్నా భయమేసింది వేరే దానికి. ఈ గ్యాస్ 100 పీపీఎం దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలీదు. ఆ సున్నా నమ్మి కుర్రాడెవరైనా ట్యాంక్‌లోకి దిగుంటే? మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 8 గంటల సగటుకి 10, కాసేపటికైతే 15 పీపీఎం అని హద్దు పెట్టారు.

ఇంకోటి, సెన్సార్ నిజంగా ఎలక్ట్రోకెమికలే అయినా 1 పీపీఎం చొప్పున చూపించే మీటర్ కంపు కంప్లయింట్‌కి పనికిరాదు, ఎందుకంటే మన ముక్కు అందులో వందో వంతుకే పట్టేస్తుంది, ఇళ్లలో వాళ్లు వాసన అంటారు, మీటర్ సున్నా అంటుంది. కంపు కోసమైతే 0.01 పీపీఎం దాకా లేదా పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపించేది అడగండి. మనుషుల సేఫ్టీకి జేబుకి తగిలించుకునే డిటెక్టర్ వేరే కొనాల్సిందే.

బ్యాలెన్స్ ఇచ్చేముందు వెండర్‌నే కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్ (ఎన్ని పీపీఎం గ్యాస్ ఉందో ముందే రాసున్నది) తెమ్మనండి. 25 పీపీఎం గ్యాస్ పడితే మీ కళ్లముందు 25 దగ్గరికి రావాలి, అంతే. సిలిండర్ మీద ఎక్స్‌పైరీ కూడా చూడండి, పాతబడితే లోపల గ్యాస్ బలం తగ్గిపోతుంది. ఎలక్ట్రోకెమికల్ సెన్సార్ వాడినా వాడకపోయినా మామూలుగా రెండు మూడేళ్లే, కాబట్టి తయారీ తేదీ, కొత్త సెన్సార్ రేటు కాగితం మీద తీసుకోండి.

మా వెండర్ ఇప్పుడు సెల్లార్‌లో తేమ ఎక్కువండి, వారంటీ వర్తించదు అంటున్నాడు. సైట్ చూసుకునే కదా కొటేషన్ ఇచ్చింది! బ్యాలెన్స్ ఆపేశాం, లీగల్ నోటీసు రెడీ చేయిస్తున్నాం. మీరైతే పీవోలోనే (కొనుగోలు ఆర్డర్) తేమ సంగతి, గ్యాస్ టెస్ట్ సంగతి రాయించి సంతకం పెట్టించుకోండి.