బొమ్మ విరిగి చేరింది: వెనక్కి తెప్పించాలా, డబ్బులివ్వాలా, ఇంకోటి పంపాలా?

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. చేతులు, గొడుగు, బండి చక్రాల్లాంటివి విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పార్శిల్ కింద పడిందంటే ముందు ఊడేది ఆ అతుకే. ఈ బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను కాబట్టి "విరిగి వచ్చిందండీ" అనే వాట్సాప్ మెసేజ్ వచ్చినప్పుడల్లా ఏం చేయాలో తేల్చుకోవాల్సిందే.

వెనక్కి తెప్పించుకుని, చూశాక డబ్బులివ్వడం వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలబడదు. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ వచ్చిన బరువు, అసలు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జి. 30×25×20 పెట్టెలో అరకిలో బొమ్మ పెట్టినా మూడు కిలోల చార్జి పడుతుందన్నమాట. పంపినప్పుడు ఒకసారి, తెప్పించినప్పుడు ఇంకోసారి. నాలుగు వందల రూపాయల ఎడ్లబండి బొమ్మకు ఇదంతా ఎందుకు? పైగా ఒక చక్రం ఊడిన బండి తిరిగి వచ్చేసరికి రెండోది కూడా ఊడుతుంది. ఖరీదైన సెట్టు అయితేనో, ఫోటో చూసినా ఏమైందో అర్థం కాకపోతేనో తెప్పించుకోవడం సబబు.

ఫోటో చూసి వెంటనే డబ్బులు వేసేయడం చాలా తేలిక. మోసం చేస్తారేమోనన్న భయంతో చాలామంది "పార్శిల్ విప్పే వీడియో లేకపోతే క్లెయిమ్ లేదు" అని పెడుతున్నారు. నేనూ పెట్టాను, తర్వాత తీసేశాను. మనవరాలి పుట్టినరోజుకు బొమ్మ తెప్పించుకున్న పెద్దావిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో టేపు కోయాలా? 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకును వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు తిరిగివ్వడానికి గానీ అమ్మినవాళ్లు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వీడియో లేదన్న ఒక్క మాటతో తప్పించుకోవచ్చని నేననుకోను. ఆర్డర్ నంబర్లు పుస్తకంలో రాసుకుంటే చాలు, ఒకే మనిషి నుంచి మళ్లీ మళ్లీ వస్తే తెలిసిపోతుంది.

కానీ డబ్బులిస్తే అందరి బాధా తీరదు. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఒకావిడకు దశావతారాల సెట్టు చేరింది, వామనుడి గొడుగు విరిగి. "డబ్బులు వేసేస్తానండీ" అన్నాను. "డబ్బులు నాకెందుకమ్మా, కొలువులో తొమ్మిది అవతారాలే పెట్టుకోమంటావా?" అన్నారు. సెట్టంతా మార్చలేదు, ఒక్క వామనుణ్ణే మళ్లీ పంపాను. చేత్తో వేసిన రంగులు కదా, ఒక బొమ్మలా ఇంకోటి ఉండదు. అందుకే పంపేముందు ఫోటో తీసి చూపించి అడిగాను. "ఛాయ కొంచెం తేడా ఉంది, ఫర్వాలేదు పంపు" అన్నారు. భోగి ముందురోజు చేరింది. పండగలకు, పెళ్లిళ్లకు కొన్నవాళ్ల విషయంలో ఇంకోటి పంపడమే మేలు.

సగం డబ్బులిచ్చి "అతికించుకోండి" అనే దారి కూడా ఉంది. అది కొన్నవాళ్ల నోటి నుంచే రావాలి. మనమే ముందు అంటే బేరమాడుతున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. అదే రోజు జవాబిస్తాను: "క్షమించండి, ఇంకోటి పంపమంటారా, డబ్బులు వేయమంటారా?" వెయ్యి లోపు వస్తువైతే రిటర్న్ ఊసే ఎత్తను. ఏ ధరదైనా మూడు ఫోటోలు మాత్రం అడుగుతాను: బొమ్మ, పెట్టె మీద లేబుల్, లోపలి ప్యాకింగ్. కొరియర్ వాళ్ల దగ్గర క్లెయిమ్ పెట్టడానికి అవి కావాలి, మన తప్పెక్కడో కూడా అందులోనే కనబడుతుంది. వామనుడి ఫోటోలో గొడుగు అంచు సరిగ్గా అట్టకు ఆనుకుని ఉంది. అప్పటి నుంచి గొడుగుకు విడిగా పాత పేపరు చుట్టి, అట్టకూ దానికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలి, అక్కడ పేపరు ఉండలు కుక్కుతున్నాను.